తోడెవరు?

హాంకాంగ్
14 జూన్ 1998, ఆదివారం

ప్రియమైన రోసెల్‌కు,

నువ్వూ అమ్మమ్మా ఎలా ఉన్నారు? నేను బాగానే ఉన్నాను, ఒక్క నడుము తప్ప. ఆ నడుము సంగతి రాయడానికే ఇవాళ, ఆదివారం సెలవుకు రోడ్డు పక్కన అట్టలు పరుచుకుని కూర్చున్న మిగతా పనివాళ్ల పేకాట వదిలేసి కలం పట్టాను. మూడో తరగతి చదువు కలం ఇది. తప్పులుంటే నీలో నువ్వు దిద్దుకో. ఎర్ర సిరా పెట్టి తిప్పి పంపకు.

వంగితే లేవలేకపోతున్నాను తల్లీ. ఇరవై రెండో అంతస్తు కిటికీలు తుడవడం ఇంక నా వల్ల కాదు. పని తగ్గించుకోమన్నాడు డాక్టరు. ఆ మాట డాక్టరు నాకు చెబుతాడు గానీ నేను పనిచేసే ఇంటి అమ్మగారికి చెప్పడు గదా. అయితే దేవుడు ఒక దారి చూపించాడు. అమ్మగారి చెల్లెలికి ఇంట్లో మనిషి కావాలట. ఇద్దరు చిన్నపిల్లలు. నువ్వు వచ్చి ఆ ఇంట్లో కుదురుకుంటే, ఒకటి రెండు నెలలు నీకు ఊరు అలవాటు చేసి నేను ఇంటికి వచ్చేస్తాను. ఏడేళ్లయింది. ఇంక చాలు.

మనీలాలో, ఎర్మితాలో నన్ను పంపించిన ఏజెన్సీవాళ్లే నీ పని కూడా చూస్తారు. జూలై 3, శుక్రవారం లోపల నీ పుట్టిన సర్టిఫికెట్టు, చదువు సర్టిఫికెట్టు వాళ్ల చేతికి ఇవ్వాలి. అసలువే ఇవ్వాలి, నకళ్లు తీసుకోరు. ఆ రోజు దాటితే చెల్లెలుగారు ఇంకో మనిషిని చూసుకుంటుంది.

మనీలాకు ఒంటరిగా మాత్రం వెళ్లకు. అంబో మామయ్యను వెంట తీసుకెళ్లు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ముగ్గురు తోడున్నారు, అయినా బస్సు దిగే తోపులాటలో ఒక చెప్పు పోయింది. చెప్పులు కుట్టే ఊళ్లో పుట్టినదాన్ని, ఏజెన్సీలో ఒంటి చెప్పుతో నిలబడ్డాను. నీకు ఆ గతి వద్దు. బూట్లు వేసుకెళ్లు.

ఇక్కడే పనిచేసే మన వీధి లిగాయా సెలవు మీద ఊరికి వస్తోంది. ఈ ఉత్తరం, అమ్మమ్మకు సబ్బులు తన చేతే పంపుతున్నాను.

ఆలోచనలు పెట్టుకోకుండా బయలుదేరమని చెప్పే
మీ అమ్మ
పసిటా


లిలివ్, లగూనా
20 జూన్

ప్రియమైన అమ్మకు,

లిగాయా అత్త ఉత్తరం ఇచ్చింది. ఊరు దాటి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో గడప తొక్కరు కదా, వీధిలో పదకొండు ఇళ్లకూ ఏదో ఒకటి తెచ్చి పంచింది. మంచం పట్టిన ముసలి చెప్పుల మేస్త్రికి కూడా ఒక దువ్వెన ఇచ్చింది. ఆయన తల మీద వెంట్రుకే లేదు. అమ్మమ్మ నీ సబ్బులను వాసన చూసి బీరువాలో బట్టల మధ్య దాచేసింది. వాటితో ఎప్పటికైనా స్నానం చేస్తుందని నాకు నమ్మకం లేదు.

నీ నడుము సంగతి చదివి ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. వేడినీళ్ల సీసా పెట్టుకుంటున్నావా? బరువైనవి ఎత్తకు.

మూడో తేదీ శుక్రవారం మనీలా వెళ్తాను. ఒక్కదాన్నే వెళ్తాను. అంబో మామయ్య పెళ్లి విందులో పంది మాంసం తిని వచ్చాడు, వాతం తిరగబెట్టి కాలి బొటనవేలు టమాటాలా వాచింది. తోడు రమ్మంటే, "నాదేముంది, దీన్ని అడుగు" అని వేలు చూపించాడు. అమ్మమ్మ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

"పెళ్లికాని పిల్ల తోడు లేకుండా మనీలా వెళ్లడమేమిటే?" అంది.

"నాలుగేళ్లు శాంతా క్రూజ్ కాలేజీకి ఒక్కదాన్నే వెళ్లలేదా?"

"శాంతా క్రూజ్ మన పెరటి లాంటిది. మనీలా ఎవడి పెరడు?"

చివరికి ఒక షరతు పెట్టింది. దారి తప్పితే చొక్కా విప్పి తిరగేసి తొడుక్కోవాలట, దారి దానంతట అదే కనిపిస్తుందట. నడివీధిలో ఎలా విప్పనే అంటే, "చదువుకున్నదానివి, అదీ నేనే చెప్పాలా?" అంది.

ఇంకో సంగతి. మనీలాలో టీచర్ల పరీక్షకు దరఖాస్తు ఇవ్వడానికి ఆఖరి రోజు కూడా ఆ శుక్రవారమే. అక్కడా అసలు సర్టిఫికెట్లే అడుగుతారు, పరీక్ష అయ్యేదాకా తమ దగ్గరే ఉంచుకుంటారు. పుట్టిన సర్టిఫికెట్టు ఇంకొకటి కావాలంటే నెల పడుతుందన్నారు మునిసిపాలిటీలో. నా దగ్గర ఉన్నది ఒక్కటే. ఊరికే చెబుతున్నాను. నువ్వు దిగులు పడకు.

నీ క్షేమం కోరే
రోసెల్


లిలివ్
5 జూలై

ప్రియమైన అమ్మకు,

వెళ్లాను, వచ్చాను. చూడు, ఈ రెండు ముక్కల్లో అయిపోయింది, దీనికి అమ్మమ్మ మూడు కొవ్వొత్తులు వెలిగించింది.

తెల్లవారుజామున నాలుగింటి బస్సు ఎక్కాను. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాన్ని ఇంకో ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాను. బూట్లు చేతిసంచిలో. కాళ్లకు అమ్మమ్మ కుట్టిన చెప్పులు. వానాకాలం మనీలాకు బూట్లతో దిగేది దొరల బిడ్డలే.

నా పక్క సీటులో ఒక పెద్దావిడ కూర్చుంది, ఒళ్లో బాతుగుడ్ల బుట్ట. కూర్చోగానే మొదటి ప్రశ్న, "తోడెవరు?"

"ఎవరూ లేరండీ."

"ముందు సీట్లో ఉన్నారా?"

"లేరండీ. ఒక్కదాన్నే."

ఆవిడ నా వంక జాలిగా చూసింది. ఇంట్లో ఎవరో పోయారనుకుందేమో. ఒక ఉడికించిన గుడ్డు, ఉప్పు పొట్లం నా చేతిలో పెట్టి, "తిను. తిన్నాక నిద్రపో. నీ సంచి నేను చూస్తాలే" అంది. అయిదు నిమిషాల్లో తనే నా భుజం మీద గురక పెట్టింది. ఆవిడ బుట్టను కలాంబా దాకా నేను పట్టుకున్నాను. టికెట్టు కొట్టేవాడు వచ్చి మళ్లీ అదే, "తోడెవరు?" నేను ఆవిడను చూపించాను. ఏం చెయ్యను, వాడికి జాలిపడే అవకాశం ఇవ్వదలచుకోలేదు.

ఏడు దాటాక మనీలాలో దిగాను. రాత్రంతా కురిసినట్టుంది, రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు. కాగితాలు ఇచ్చేశాను. రసీదు ఇచ్చారు, ముద్ర కూడా కొట్టారు. నాలుగున్నర బస్సుకు తిరిగి బయలుదేరి ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉన్నాను. చెప్పులు రెండూ ఉన్నాయి. అమ్మమ్మ నన్ను కాకుండా ముందు వాటిని చూసింది. "నా కుట్టు నీళ్లకు విడిపోతుందా?" అని మురిసిపోయింది.

లిగాయా అత్త రేపు బయలుదేరుతోంది. మనీలా వెళ్లి నీకేమీ తేకుండా ఎలా ఉంటాను? ఒక హోపియా పొట్లం పంపుతున్నాను. లోపల పెసరపప్పు పూర్ణం, నీకు ఇష్టమైనదే. అమ్మమ్మకూ మామయ్యకూ ఇంకో పొట్లం తెచ్చాను. మామయ్య, బొటనవేలు ఒప్పుకుందని చెప్పి నాలుగు తిన్నాడు.

నీ నడుము ఎలా ఉందో తప్పక రాయి.

నీ
రోసెల్


హాంకాంగ్
12 జూలై, ఆదివారం

ప్రియమైన రోసెల్‌కు,

హోపియా అందింది. ఇంకా విప్పలేదు. పైన చుట్టిన ఎర్ర కాగితం చదువుతూ కూర్చున్నాను. నాకు చదవడం రాదనుకున్నావా? దుకాణం పేరు కింద "కియాపో" అని అచ్చు వేసి ఉంది.

ఏజెన్సీ ఉన్నది ఎర్మితాలో. ఆ బెంచీ మీద నేను మూడు నెలలు కూర్చున్నాను. ఆ వీధిలో ఏ మూల ఏం అమ్ముతారో కళ్లు మూసుకుని చెప్పగలను. అక్కడ ఎవడూ హోపియా అమ్మడు. కియాపో నది అవతల, నీ పరీక్ష ఆఫీసు ఉన్న వైపు. మోకాలి లోతు నీళ్లలో, పనైపోయిన పిల్ల, హోపియా కోసం నది దాటి వెళ్తుందా?

"కాగితాలు ఇచ్చేశాను" అని రాశావు. ఎవరికి ఇచ్చావో రాయలేదు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. అంత జాగ్రత్తగా కుట్టావంటే అమ్మమ్మ మనవరాలివే.

నేను ఇక్కడ వంగలేక చస్తున్నానని రాశాను కదా. నా నడుము కంటే నీ పరీక్ష ఎక్కువా?

ఉన్నది ఉన్నట్టు రాయి.

పసిటా


లిలివ్
21 జూలై

ప్రియమైన అమ్మకు,

అబద్ధం రాయలేదు గానీ నిజం దాచాను. రెండూ ఒకటే. మన్నించు.

బస్సు దిగిన చోట నీళ్లలోనే జీప్నీ బళ్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒకడు "ఎర్మితా, ఎర్మితా" అని అరుస్తున్నాడు. ఇంకొకడు "కియాపో! ఇద్దరికి చోటుంది, సన్నవాళ్లయితే ముగ్గురికి!" అని అరుస్తున్నాడు. నేను రెండింటి మధ్య నిలబడ్డాను. ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు ఎర్మితాకే వెళ్దామనుకున్నాను, ఒట్టు. రెండు దరఖాస్తులూ చొక్కాలోనే ఉన్నాయి. పుట్టిన సర్టిఫికెట్టు ఒక్కటే. "ఏమ్మా చదువుల తల్లీ, నీళ్లలో వేళ్లు మొలుస్తున్నాయా?" అన్నాడు కియాపో వాడు. ఎక్కేశాను. నన్ను ఎవరూ తోయలేదు, ఎవరూ లాగలేదు. కాలు నాదే. దారి తప్పలేదు అమ్మా, అందుకే చొక్కా తిరగేసుకోలేదు.

నీ నడుము కంటే పరీక్ష ఎక్కువా అని అడిగావు. కాదు. కానీ ఏడేళ్లు నువ్వు వేరేవాళ్ల నేల తుడిచి నన్ను చదివించింది, నేను వెళ్లి ఆ పక్కింటి నేల తుడవడానికా? అప్పుడు నువ్వు ఇంటికి వస్తావు, నేను అక్కడ ఉంటాను. రేపు నా కూతురు నా చోటికి వస్తుంది. ఈ వరసకు అంతెక్కడ? నాకు ఒక్క ఏడాది ఇవ్వు. పరీక్ష అయ్యాక ఏ కొండ మీద బడి ఇచ్చినా వెళ్తాను. అప్పుడు నువ్వు ఇంటికి రా, నీ చోటికి ఎవరూ వెళ్లనక్కర్లేదు. ఈ ఏడాది నీ నడుముకు నేను చేసిన ద్రోహమే. అది తెలిసే చేశాను.

మిగిలినది కూడా చెబుతాను, ఇంక దాచేది లేదు కనక.

ఆఫీసు గుమ్మం దగ్గర కాపలావాడు నా కాళ్లు చూసి ఆపాడు. "ఇది ఆఫీసమ్మా, సంత కాదు. చెప్పులతో లోపలికి పోకూడదు."

"మా అమ్మమ్మ కుట్టినవి. మీ బూట్లకంటే గట్టివి."

"గట్టివైతే దాచుకో. లోపలికి మాత్రం రావు."

మెట్ల మీద కూర్చుని, పావడా అంచుతో కాళ్లు తుడుచుకుని, సంచిలోంచి బూట్లు తీసి తొడుక్కున్నాను. అప్పుడు వాడే తలుపు తీశాడు. నువ్వు చెప్పినట్టు బూట్లు తీసుకెళ్లి మంచి పని చేశాను. మూడు గంటలు వరసలో నిలబడ్డాక కాగితాలు తీసుకుని ముద్ర కొట్టారు.

బయటికి వస్తే అదే మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. పేరు అంపారో, నలభై ఏళ్లుంటాయి. కెజోన్ తీరంలో ఎక్కడో దీవి బడిలో సహాయకురాలట. పడవ, రెండు బస్సులు మారి వచ్చింది. బూటు ఒకటి వరదలో కొట్టుకుపోయింది, మిగిలింది చేత్తో పట్టుకుని కూర్చుంది. "ఒక కాలుకు ఉంది కదా, ఒక కాలునే లోపలికి పంపించు అంటే వినడమ్మా" అని నవ్వుతోంది, కళ్లలో నీళ్లు. అమ్మా, నాకు నీ ఒంటి చెప్పు గుర్తొచ్చింది. నా బూట్లు విప్పి ఇచ్చాను. ఆవిడ మడమలు పట్టక వెనక అణగదొక్కి నడిచింది.

కాపలావాడు బూట్లను ఎగాదిగా చూశాడు. "ఇవి ఇందాక లోపలికి వెళ్లొచ్చినవే కదా?"

"మళ్లీ పని పడింది వాటికి" అంది అంపారో.

ఆవిడ వచ్చేదాకా ఎదుటి హోపియా దుకాణం చూరు కింద రెండు గంటలు నిలబడ్డాను. వాన, పొయ్యి మీంచి వేడి వాసన. దుకాణం ఆయన, "తోడెవరు?" అని అడిగాడు. లోపల ఉంది, బూట్లు తేవాలి అన్నాను. ఇంటికి ఏమీ కొనకుండా ఎలా రాను? నీకు పంపకుండా ఎలా ఉండను? ఆ ఎర్ర కాగితం మీద ఏముందో చూడాలని తోచనే లేదు. దొంగతనం చేసినవాళ్లు ఎవరైనా ఆ ఇంటి గిన్నె కడిగి తిరిగి పంపిస్తారా? నేను పంపించాను.

కోపం వస్తే తిట్టు. ఉత్తరం రాయడం మాత్రం మానకు.

నీ
రోసెల్


హాంకాంగ్
2 ఆగస్టు, ఆదివారం

ప్రియమైన నా రోసెల్‌కు,

ఇది చదివేటప్పుడు అమ్మమ్మ దగ్గర లేకుండా చూసుకో. తర్వాత నువ్వే చెబుదువుగాని, మెల్లగా.

నా నడుముకు ఏమీ కాలేదు.

నొప్పి ఉంది, అబద్ధం కాదు. ఏడేళ్లుగా ఉన్న నొప్పే, ఇక్కడ అట్టల మీద కూర్చున్న ప్రతిదానికీ ఉన్న నొప్పే. డాక్టరు దగ్గరికి నేను వెళ్లలేదు. అమ్మగారి చెల్లెలు నన్ను అడగలేదు, నేనే ఆవిడ వెంటపడి నీకు ఆ చోటు సంపాదించాను. నువ్వు వచ్చాక నేను ఇంటికి వచ్చేదాన్నీ కాదు. ఇంకో రెండేళ్లకు ఏప్రిల్‌లోనే సంతకం పెట్టేశాను. నువ్వు ఇక్కడికి వచ్చేశాక నెమ్మదిగా చెప్పవచ్చులే అనుకున్నాను.

ఎందుకంటే ఏం చెప్పను? ఇక్కడ నేను వంటగదిలో, గోడకు మడిచిపెట్టే చిన్న బల్ల మీద, గోడ వైపు తిరిగి తింటాను. రోజూ. ఆ గోడ మీద చమురు మరక ఒకటి ఉంది, దానితో మాట్లాడటం కూడా అలవాటైంది. నువ్వు ఎదుటి మేడలో ఉంటే ఆదివారాలు ఒకే అట్ట మీద కూర్చుని తినవచ్చు కదా అనుకున్నాను. అంతే. దానికోసం నీ చదువు మీద చీపురు పెట్టబోయాను. తల్లినే, అయినా చేశాను. నువ్వు ద్రోహమని రాశావు. ఆ మాట చదివిన దగ్గరనుంచి నాకు నిద్ర లేదు. ద్రోహం నీది కాదు తల్లీ. దారి తప్పింది నేను. చొక్కా తిరగేసి తొడుక్కోవలసింది నేను.

నీ ఉత్తరం వచ్చిన ఆదివారం హోపియా విప్పాను. నెల దగ్గర పడుతోంది, రాయిలా అయింది. టీలో ముంచి అందరం తిన్నాం. "ఎక్కడిది?" అన్నారు. నా కూతురు మనీలా నుంచి తెచ్చిందన్నాను. "అమ్మో, తోడెవరు?" అన్నారు ఒక్క గొంతుతో. ఎవరూ లేరు, వరదలో ఒక్కతే వెళ్లింది, టీచర్ల పరీక్షకు కాగితాలు ఇచ్చింది, నా ఒంటి చెప్పు గుర్తొచ్చి ఎవరో దీవి ఆవిడకు బూట్లు కూడా ఇచ్చింది అన్నాను. మొదటి వరస అట్టల నుంచి చివరి వరస అట్టల దాకా ఆ కథ పాకింది. సాయంత్రం ఎవరో తెలియని పిల్ల నా దగ్గరికి వచ్చి, "ఆ ఒంటి చెప్పు మీదేనా?" అని అడిగింది. ఎర్ర కాగితం మడిచి ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను.

సంతకం పెట్టిన రెండేళ్లు ఉంటాను. నడుము నిలబడుతుంది, దాని మీద నీకు బెంగ వద్దు. నువ్వు ఏడాది అడిగావు, రెండు తీసుకో. ఈసారి తప్పినా మళ్లీ రాయి. ఇంక పరీక్ష గురించి నన్ను అడగకు, బస్సెక్కేటప్పుడు నన్ను అడిగావా?

డిసెంబరు 20, ఆదివారం నుంచి నాకు మూడు వారాల సెలవు. విమానం మధ్యాహ్నం దిగుతుంది. జీప్నీ కట్టించుకుని, అన్నం గిన్నెలతో, బంధువులందరితో విమానాశ్రయానికి రావద్దని అమ్మమ్మకు చెప్పు. మామయ్య బొటనవేలికి విశ్రాంతి ఇవ్వండి. నువ్వు ఒక్కదానివే తెల్లవారుజామున నాలుగింటి బస్సెక్కి రా. ఉత్త చేతులతో రా, ఆ రోజు తెచ్చేది నేను. తిరుగు బస్సులో కిటికీ పక్కన నేను కూర్చుంటాను, మనీలా వెనక్కి పోవడం చూడాలి. టికెట్టు కొట్టేవాడు వచ్చి తోడెవరని అడిగితే నువ్వు మాట్లాడకు. ఈసారి జవాబు నేను చెబుతాను.

నీ అమ్మ